కాలువ వంతెనకూ ఎత్తు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

గోదావరి మీద వంతెనల మాట వస్తే అందరికీ రాజమహేంద్రవరమే గుర్తొస్తుంది. 1900లో ప్రారంభమైన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, 1997లో పూర్తయిన ఆర్చి వంతెన గురించి పత్రికలు ఎంతో రాశాయి. వాటి కింద పడవకు చోటు కరువు కాదు. ఆర్చి వంతెనలో రెండు స్తంభాల నడుమ ఉండే ఒక్కో ఖానాయే 97 మీటర్ల పైచిలుకు. చిక్కంతా ధవళేశ్వరం లాకులు, అంటే నీటిమట్టం మార్చి పడవలను దాటించే తలుపుల గదులు, దాటి కాలువలోకి దిగాక, పేరైనా లేని చిన్న వంతెనలతోనే మొదలవుతుంది.

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ డెల్టా కాలువలను సేద్యానికే కాక పడవల రాకపోకలకూ ఉద్దేశించాడు కనుకనే వాటి మీద లాకులు కట్టారు. గాలి లేనప్పుడు మనుషులు గట్టు వెంట నడుస్తూ రాదారి పడవలను తాడుతో లాగిన దారులవి. 2008లో కేంద్రం కాకినాడ, ఏలూరు కాలువలను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చింది. ఆ జలమార్గం మీదే నేడు ఎన్నో వంతెనల దూలాలు నిండు కాలువకు కాస్త పైనే ఉంటాయి. స్తంభాలకు గుర్రపుడెక్క చుట్టుకుని, దాని మీద ప్లాస్టిక్ సంచులు పేరుకుని, అక్కడ నీరే వంగి పోవలసి వస్తుంది. ఇక పడవ సంగతి చెప్పేదేముంది?

వంతెన ఎత్తు పెంచితే ఇరువైపులా ఏటవాలు దారి పొడవు పెరుగుతుందని, గట్ల మీది ఇళ్లకు ఇబ్బంది అవుతుందని ఇంజనీర్లు అనే మాట నిజమే. అందుకే ఉన్నవన్నీ పడగొట్టమని నేను అడగడం లేదు. శిథిలమై ఎలాగూ తిరిగి కట్టవలసిన వంతెనకైనా, వేసవిలో కాలువలు కట్టేసినప్పటి అడుగు నుంచి కాక, కాలువ నిండుగా పారేటప్పటి నీటిమట్టం నుంచి ఎత్తు కొలిచి, పడవల పరిమాణాన్ని బట్టి ఆ జలమార్గపు తరగతికి నిర్దేశించిన ఖాళీని దూలం కింద వదలాలి. రాదారి పడవలు మళ్లీ వస్తాయన్న భ్రమ నాకు లేదు. కానీ ధాన్యం మోసే పంటుకే (చదునైన బరువు పడవకే) కాదు, గుర్రపుడెక్క తీసే యంత్రపు పడవకూ ఆ ఖాళీయే దారి.

రోడ్డు వేసే శాఖ ఒకటి, కాలువను చూసుకునే శాఖ మరొకటి కావడంతో ఈ కొలత ఎవరి ఫైలులోనూ చేరడం లేదు. జలవనరుల శాఖ లిఖితపూర్వకంగా సమ్మతించనిదే జలమార్గం మీద ఏ వంతెన నమూనానూ ఆమోదించరాదని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు