దసరా చీరలు ఎందుకు రాలేదంటే

దసరాకు చేతి అచ్చు కలంకారీ చీరలు చెప్పుకున్న మీలో ఒక్కరికీ చీర పంపలేకపోయాను. వానలవల్ల ఆలస్యమైందని చెప్పి ఊరుకోవచ్చు. అందులో సగం నిజం ఉంది కాబట్టి ఎవరూ కాదనరు. కానీ నా వీడియోలు చూసి, నా మాట నమ్మి ముందుగానే డబ్బు కట్టినవాళ్ళు మీరు. మిగతా సగం కూడా మీకు తెలియాలి.

చీరలు వచ్చాయి. నేనే పంపలేదు.

కట్ట విప్పి మొదటి చీర తిరగేయగానే వెనక వైపు వెలవెలబోతూ కనిపించింది. చేతి అచ్చు వేసి, రంగులో ఉడికించిన గుడ్డకు రంగు వెనక దాకా దిగుతుంది. అచ్చు పక్కన అచ్చు పెట్టేటప్పుడు మనిషి చెయ్యి వెంట్రుకవాసి జరుగుతుంది, ఆ అతుకు వెతికితే దొరుకుతుంది. ఈ చీరల్లో కొంగు నుంచి కుచ్చిళ్ళ దాకా ఎక్కడా అతుకు లేదు. అన్నీ స్క్రీన్ ప్రింటు, రసాయన రంగులు.

కలంకారీ అచ్చు పనికి పేరున్న మచిలీపట్నం దగ్గరి పెడన వైపు నుంచి కొన్నేళ్ళుగా నాకు సరుకిస్తున్న మనిషికి ఫోను చేశాను. ఆయన దాచలేదు. "వానలకు గుడ్డ ఆరడం లేదమ్మా, పండగకు అందాలి కదా" అన్నారు. ఆ కష్టం నాకు తెలియనిది కాదు. కరక్కాయ నీళ్ళలో నానిన గుడ్డ ఎండాలి. నలుపు గీత, ఎరుపు రావలసినచోట పటిక అద్దాక పారే నీళ్ళలో జాడించాలి. రాగి గంగాళంలో ఉడికించి మళ్ళీ ఎండలో పరవాలి. ఎండ లేకపోతే అడుగు ముందుకు పడదు. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే నేను మీకు చెప్పుకునేదాన్ని, మీరు ఆగేవారు. ఇంతకుముందు ఆగారు కూడా. కానీ ఆయన అంతటితో ఆపలేదు. "అయినా మీ దగ్గర కొనేవాళ్ళు మీ ముఖం చూసి కొంటారు. గుడ్డ తిరగేసి చూసేదెవరు?" అన్నారు.

ఆ మాట ఇప్పటికీ మింగుడుపడటం లేదు. గుడ్డ తిరగేసి చూడమని మీకు నేర్పిందే నేను. పాత ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో పులిసి నలుపు ఎలా అవుతుందో, ఒక పువ్వుకు రంగుకొకటి చొప్పున ఎన్ని టేకు అచ్చులు కావాలో, కోరమాండల్ తీరం నుంచి వెళ్ళిన ఇలాంటి అద్దకం గుడ్డల గిరాకీకి బెదిరి 1721లో ఇంగ్లండు అచ్చు నూలుగుడ్డల వాడకాన్నే ఎందుకు నిషేధించిందో చెబుతూ వచ్చాను. అమ్మకానికి ఒక్క చీర కూడా లేని రోజుల్లోనే ఆ వీడియోలు మొదలుపెట్టాను, ఈ పనంటే ఇష్టం కాబట్టి. మీరు నా ముఖం గుర్తుపట్టేది ఆ పని వల్లనే. పని పోయాక ముఖం ఒక్కటీ పెట్టి అమ్మమంటే నాకు చేతకాదు, చెయ్యను.

'కలంకారీ డిజైను' అని రాసి సగం ధరకు ఇచ్చేయమని ఇంట్లోవాళ్ళే సలహా ఇచ్చారు. స్క్రీన్ పని చేసేవాళ్ళను నేను తక్కువ చేయడం లేదు, ఆ పని మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. దాన్ని దాని పేరుతో, దాని ధరకు అమ్మితే ఎవరికీ నష్టం లేదు. మీరు డబ్బు కట్టింది మాత్రం దానికి కాదు. కట్టలన్నీ తిరిగి పంపేశాను.

అంతకంటే ఎక్కువ నలిగింది ఒక వీడియో గురించి. మీలో చాలామంది నన్ను మొదట చూసిన వీడియో ఈ సరుకిచ్చే ఆయన షెడ్డులో తీసిందే. బల్ల ముందు నిలబడి పెద్దాయన అచ్చు వేస్తూ ఉంటారు, చప్పుడు తప్ప మాటలుండవు. మా సరఫరాదారు ఇప్పుడు ఆ వీడియోనే చూపించి కొత్త బేరగాళ్ళను తెచ్చుకుంటున్నారని తెలిసింది. తీసేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. తీసేస్తే ఆ పెద్దాయన చేతి పని కూడా పోతుంది. ఆ పని అబద్ధం కాదు. స్క్రీన్ బల్లలు వచ్చాక ఆయనకే అక్కడ పని లేకుండా పోయింది. ఉంచితే, నన్ను నమ్మి అక్కడికి వెళ్ళినవాళ్ళు మోసపోతారు. నిద్ర పట్టని రాత్రుల తర్వాత ఒక నిర్ణయానికి వచ్చాను. వీడియో ఉంటుంది. షెడ్డు చిరునామా, బోర్డు కనిపించే భాగం కోసేశాను. ఇప్పుడు అక్కడినుంచి నేను సరుకు తీసుకోవడం లేదని కింద రాశాను. అది చదివి ఆ సరఫరాదారు ఫోను చేసి కోప్పడ్డారు. ఆ వాక్యం మాత్రం మార్చను.

ఇక మీ డబ్బు సంగతి. వెనక్కి కావాలన్నవాళ్ళకు ఈ వారంలోనే పూర్తిగా పంపుతాను. నేనిచ్చిన అడ్వాన్సు నాకింకా తిరిగి రాలేదు. అది నేను తేల్చుకుంటాను, దానికోసం మీది ఆపను. ఆగుతామన్నవాళ్ళకు పాత ధరే. కొత్తగా కొనేవారికి ధర పెరుగుతుంది. ఇప్పుడు చేసిపెడుతున్నది ఆ పెద్దాయనే, తన ఇంటి వెనక, ఇద్దరు మనుషులతో. ఆయన అడిగిన కూలి నేను బేరమాడలేదు. ఎరుపుకు ఆయన కూడా అలిజరిన్ అనే తయారీ రంగే వాడతారు. చాలాచోట్ల అంతే, ఆ సంగతి ఎప్పుడూ దాచలేదు. మంజిష్ఠ వేళ్ళ నుంచి తీసే ఎరుపుతోనే కావాలంటే విడిగా చెప్పండి, ఇంకా ఆలస్యమవుతుంది.

పాత చీరల మీద అనుమానం ఉంటే వెనక వైపు ఫొటో తీసి పంపండి. నా దగ్గర మిగిలిన పాత ముక్కలన్నీ తిరగేసి చూశాను, అవి చేతి అచ్చువే. అయినా మీ చీరలో తేడా కనిపిస్తే తీసుకుని డబ్బిస్తాను.

సంక్రాంతికి అందుతాయా అని ఇప్పటికే అడుగుతున్నారు. తేదీ చెప్పను. మొదటి విడత గుడ్డ కరక్కాయ నీళ్ళలోంచి నిన్ననే తీశారు, ఇంకా మబ్బుగానే ఉంది.