ఉద్యోగం సంగతి నాకే చెప్పు పాపా

కడప

పాపా,

మేమంతా బాగున్నాం. నాయనకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. జేజి మాత్రలు సరిగ్గానే వేసుకుంటోంది. ఎండలు ముదిరాయి కదా, తెల్లవారుజామునే కుట్టు మిషన్ దగ్గర కూర్చుంటున్నా. ఫోన్ చేస్తే "బాగున్నామ్మా, మీటింగ్ ఉంది" అని పెట్టేస్తున్నావు. అందుకే ఈ ఉత్తరం. నిప్పట్ల డబ్బా మీదే పెట్టాను, కనబడకుండా పోదు.

రాయచోటి అత్త వచ్చి వెళ్లింది. గిరి నిన్ను హైదరాబాదులో చూశాడంట. ఆ సంగతి తర్వాత రాస్తాలే.

సినిమాలకు బట్టలు డిజైన్ చేసిన భాను అథైయా గురించి టీవీలో చూశాను. అప్పటి నుంచీ ఆమె గురించే ఆలోచన. నీకు తెలిసే ఉంటుంది, అయినా విను. 1929లో కొల్హాపూర్‌లో పుట్టింది. వాళ్ల నాయన చిత్రకారుడు, ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడే పోయాడు. తల్లే పిల్లలందరినీ సాకింది. బొంబాయిలో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో బొమ్మలు వేయడం నేర్చుకుంది. హుసేన్, రజా ఉన్న ఆర్టిస్టుల గ్రూపు ప్రదర్శనలో ఆమె బొమ్మలూ పెట్టారు. అట్లాంటి మనిషి ఆడవాళ్ల పత్రికకు ఫ్యాషన్ బొమ్మలు గీసి సంపాదించుకునేది. ఆ పత్రిక ఎడిటరమ్మ బట్టల షాపు తెరిచి, "నువ్వే డిజైన్ చెయ్యి" అంటే అప్పుడు బట్టల పనిలోకి వచ్చింది. 1956లో 'సి.ఐ.డి.'తో సినిమాల్లోకి వెళ్లింది. చూశావా, ఒక పని చేతిలో ఉండగానే ఇంకో పని నేర్చుకుంది. ఉన్నట్టుండి అన్నీ వదిలేసి పోలేదు.

నువ్వు సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో బట్టల మూటలు ఆటోలో వేయిస్తూ కనబడ్డావని గిరి చెప్పాడంట. అదీ ఆఫీసు టైములో. సెలవు పెట్టి ఎవరికో సాయం చేస్తున్నావేమో అన్నాను అత్తతో. ఆమె నమ్మలేదు.

మా మాస్టరు తాత నీకు గుర్తు లేడు. అల్మాస్‌పేటలో నాకు కటింగ్ నేర్పింది ఆయనే. 1965లో 'వక్త్' సినిమాలో హీరోయిన్ సాధనకు భాను కుట్టించిన బిగుతు చుడీదారు, పొట్టి కుర్తా దేశమంతా పాకాయి కదా. అప్పుడు తాత కుర్రవాడు. ఒక పెళ్లింటి అమ్మాయి ఆ ఫోటో ఉన్న పేపరు ముక్క తెచ్చి, నిఖాకు ఇట్లాంటిదే కావాలందంట. ఈయన పైజామా కత్తిరించినట్టే నిలువు కటింగులో కత్తిరించి, బిగించి కుట్టాడు. వేసుకుంటే అమ్మాయి నిలబడగలదు గానీ కూర్చోలేదు. పిక్క దగ్గర కుట్టు పుటుక్కుమంది. పెళ్లి రెండు రోజుల్లో ఉంది. తాత ఆ రాత్రి నిద్రపోలేదంట. కుట్లన్నీ విప్పి పరిచి చూసుకున్నాడు. బట్టను పట్టి నిలువుగా లాగాడు, అడ్డంగా లాగాడు, సాగలేదు. మూలలు పట్టి ఏటవాలుగా లాగితే సాగింది. తెల్లారగానే సొంత డబ్బుతో కొత్త గుడ్డ కొని, సంచిలా జతచేసి కుట్టి, దాన్ని క్రాస్‌లో కత్తిరించాడు. కాలి పొడవు కంటే ఎక్కువ ఉంచితే మడమ దగ్గర ముడతలు పడ్డాయి, అమ్మాయి మోకాళ్లు మడిచి హాయిగా కూర్చుంది. ఎక్కడో బొంబాయిలో ఒకామె గీసిన బట్ట మన కడపలో ఒక దర్జీకి క్రాస్ కటింగ్ నేర్పింది. ఆయన దగ్గర నేను నేర్చుకున్నాను. ఆ మిషన్ మీదే నీ ఫీజులు కట్టాం. ఇప్పటికీ అందరూ సినిమా ఫోటో ఫోన్లో చూపించి ఇట్లే కావాలంటారు.

అందుకే చెప్తున్నా, ముందు కత్తెర చేతికి రావాలి. గీయడం వచ్చు కదా అని కుట్టడం పక్కన పెట్టొద్దు. 'ఆమ్రపాలి' సినిమాకు బట్టలు చేసేముందు భాను అజంతా బొమ్మలు వెళ్లి చూసి వచ్చింది. 'గాంధీ' సినిమాలో సూటు నుంచి కొల్లాయి దాకా ఒక మనిషి బతుకంతా బట్టల్లో చూపించింది. దానికే 1983లో ఇంకో డిజైనర్ జాన్ మొల్లోతో కలిసి ఆస్కార్ అందుకుంది. మన దేశం నుంచి ఆస్కార్ వచ్చిన మొదటి మనిషి ఆమే. ఆ వేదిక మీద, ప్రపంచం చూపు భారతదేశం వైపు తిప్పినందుకు ఆ సినిమా తీసిన అటెన్‌బరోకు థ్యాంక్స్ చెప్పింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. 2012లో, తన తర్వాత ఎవరు భద్రంగా చూస్తారోనని ఆ ఆస్కార్ బొమ్మను, దాన్ని ఇచ్చిన అకాడమీకే తిరిగి ఇచ్చేసింది. 2020లో పోయింది.

అవునూ, నీ సర్టిఫికెట్లు ఆ రూములో ఎక్కడ పెట్టావు? ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు. సినిమావాళ్లయినా ఎవరైనా, డబ్బెంతో, ఎప్పుడిస్తారో కాగితం మీద రాయించుకో. రాత్రి షూటింగులుంటే ఎట్లా వస్తావు? ఒక్కదానివే ఆటో ఎక్కొద్దు. మధ్యాహ్నం తిండి మానొద్దు, చీకట్లో సూది పని చెయ్యొద్దు, నీ కళ్లు అసలే అంతంత మాత్రం. డబ్బాలో రాగి పిండి, శెనిక్కాయల పొడి పెట్టాను. కింద గుడ్డలో నా పాత కత్తెర చుట్టి పెట్టాను, సాన పట్టించాను. దాంతో కాగితాలు కత్తిరించొద్దు, పదును పోతుంది.

ఉద్యోగం మానేశావో లేదో నీ నోటితోనే చెప్పు. నేను కోప్పడను. అత్త నోట వింటే గుండె దడ పుడుతోంది. నాయనకు ఇంకా చెప్పలేదు. ఆదివారం పొద్దున ఆయన తోటకు పోతాడు, పదింటికి ఫోన్ చెయ్యి. ఈసారి మీటింగ్ అనొద్దు.

మీ అమ్మ