దుబాయ్‌కి కుటుంబంతో రావడానికి దారి చూపినవాళ్ళందరికీ కృతజ్ఞతలు

దుబాయ్‌లోని కరామా, అల్ ఖుసైస్, అల్ నహ్దాల్లో ఉంటూ మా ప్రతి ప్రశ్నకీ ఓపిగ్గా జవాబిచ్చిన అన్నలకీ అక్కలకీ, హైదరాబాద్‌లో కాగితాల పని దగ్గరుండి చూసిపెట్టిన పెద్దలకీ మనస్ఫూర్తిగా నమస్కారాలు. మీరు చెప్పిన మాటలు మా ఇంట్లోనే ఉండిపోకూడదు. పిల్లల్ని తెచ్చుకోబోయే మిగతావాళ్ళకూ అందాలని రాస్తున్నాం.

అన్నిటికన్నా పెద్ద మేలు చేసిన మాట: "ముద్రల సంగతి తర్వాత, ముందు పేర్లు చూసుకోండి." ముద్రలంటే మన సర్టిఫికెట్లు అసలైనవేనని ప్రభుత్వ ఆఫీసులు వేసే ధ్రువీకరణ, అటెస్టేషన్ అంటారు. పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, అందరి పాస్‌పోర్టులు పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి. మన పేర్లతో చిక్కులు ఒకటా రెండా! సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. లక్ష్మి అన్న పేరు ఒక కాగితంలో కె ఎస్ హెచ్‌తో, ఇంకోదాంట్లో ఎక్స్‌తో పడుతుంది. బర్త్ సర్టిఫికెట్లో తల్లికి పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అత్తింటిది. పుట్టిన వివరాలు ఆసుపత్రి నుంచి వెళ్ళేనాటికి బిడ్డకు ఇంకా బారసాల కూడా అయివుండదు కాబట్టి పేరు గడి చాలామందికి ఖాళీగానే మిగిలిపోతుంది. పేరు చేర్పించుకోవడానికి 15 ఏళ్ళ వరకూ వీలుంది, ఏడాది దాటితే రుసుము కట్టాలి. ఇవన్నీ ముందే ఎందుకంటే, సవరణ జరిగితే కొత్త సర్టిఫికెట్ వస్తుంది. పాతదాని మీది ముద్రలు దానికి పనికిరావు, మళ్ళీ మొదటి గడప నుంచి తిరగాలి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరు ఒకే పదమైతే ఇంకా జాగ్రత్త. అలాంటివాళ్ళను కొత్త వీసాల మీద రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ (దుబాయ్ ఉన్న దేశం) నిబంధన పెట్టింది. పేరు రెండు గడుల్లోకి విడదీసి పాస్‌పోర్టు మళ్ళీ తీసుకున్నాకే వీసాకు వెళ్ళడం మేలు.

ఇక ముద్రల వరస: ముందు రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత మన విదేశాంగ శాఖ, ఆ తర్వాత యూఏఈ రాయబార కార్యాలయం, చివరికి యూఏఈ విదేశాంగ శాఖ. ఒక మెట్టు వదిలేస్తే పై మెట్టు వాళ్ళు తీసుకోరు. విదేశాంగ శాఖ నేరుగా కాగితాలు తీసుకోదు, అది గుర్తించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. ఒమన్, బహ్రెయిన్, సౌదీలకు అపోస్టిల్ స్టికర్ (మన విదేశాంగ శాఖ అతికించే ధ్రువీకరణ) చాలు, యూఏఈకి చాలదు. "అపోస్టిల్ చేయించేస్తే అయిపోతుంది" అనే ఏజెంటుకు డబ్బు కట్టకండి. పెళ్ళికి గుడి ఇచ్చిన రసీదు చెల్లదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకున్న సర్టిఫికెట్టే కావాలి. దాన్ని లామినేషన్ చేయించకండి, ప్లాస్టిక్ మీద ముద్ర పడదు. చేయించేసివుంటే పీకే ప్రయత్నం వద్దు, చిరుగుతుంది. ఇంకో ప్రతి తీసుకోవడమే సుఖం.

ఇంటి లెక్క వేసి ఇచ్చిన అన్నకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఏడాదికి 60,000 దిర్హాముల అద్దె, దాన్ని నాలుగు చెక్కుల్లో కట్టాలి అనుకుందాం. మొదటి చెక్కు 15,000, సామాన్లు లేని ఇంటికి అడ్వాన్సు 5 శాతం అంటే 3,000, బ్రోకరుకు ఇంకో 3,000, కరెంటు, నీళ్ళ డిపాజిట్ 2,000. తాళం చేతికి రాకముందే 23,000 కావాలి. అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు కూడా కరెంటు బిల్లులో నెలనెలా వస్తుంది, ఈ లెక్కన 250. చాలామంది మర్చిపోయేది ఇదే.

వరస కూడా ఆయన చెప్పిందే: ముందు ఉద్యోగి ఒక్కరే వచ్చి వీసా, ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) తీసుకోవాలి. ఐడీ ఉంటేనే బ్యాంకు ఖాతా, ఖాతా ఉంటేనే చెక్కుబుక్కు, చెక్కులుంటేనే ఇల్లు. ఆ ఇంటి ఒప్పందాన్ని ఇజారీలో (అద్దె ఒప్పందాలు నమోదు చేసే దుబాయ్ ప్రభుత్వ వ్యవస్థ) నమోదు చేశాకే కుటుంబం వీసాకు దరఖాస్తు. జీతం 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చిన వసతి ఉండాలి. అందరూ ఒకే విమానంలో దిగితే ఇవన్నీ తేలేదాకా హోటల్ ఖర్చు నెత్తిన పడుతుంది.

బడి విషయంలో టీచరక్క ఇచ్చిన సలహా అమూల్యం. దుబాయ్‌లో మన సిలబస్ బడులు ఏప్రిల్‌లో మొదలవుతాయి, మన రాష్ట్రాల్లో జూన్‌లో. జూన్ లెక్కన బయల్దేరితే పిల్లలు రెండు నెలల పాఠాలు వెనకబడతారు, జులై, ఆగస్టుల్లో వేసవి సెలవులూ వచ్చేస్తాయి. టీసీలో చదివిన తరగతి, పాసైన సంగతి స్పష్టంగా రాయించుకోవాలి. దానికీ ముద్రలు కావాలి కాబట్టి చివరి వారానికి పెట్టుకోకూడదు.

పెట్టె సర్దేటప్పుడు గసగసాలు వద్దని హెచ్చరించిన పిన్నిగారికి దండాలు. మనకది వంటింటి దినుసు, అక్కడ నిషిద్ధం. ఇంట్లో కొట్టిన మసాలా పొడుల్లో కూడా ఉంటాయి, అమ్మ ఇచ్చిన ప్రతి డబ్బా అడిగి చూడాలి. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రామడాల్ మాత్రలు డాక్టరు చీటీ ఉన్నా ముందస్తు అనుమతి లేకుండా తేకూడదు.

పేర్లు సరిచూసుకోవడానికి మీరు పంపిన పట్టిక మా దగ్గర భద్రంగా ఉంది. కావలసినవాళ్ళు అడగండి, పంపిస్తాం.