మన ఆడపిల్లల చేతికీ రగ్బీ బంతి ఇవ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. భారత మహిళల రగ్బీ సెవెన్స్ జట్టు విదేశాల్లో ఆడి వచ్చినప్పుడు ఆ వార్త క్రీడల పేజీలో ఓ మూల నాలుగు లైన్లలో ముగిసిపోతుంది. ఒక్కోసారి అదీ ఉండదు. 2024లో ఖాట్మండులో జరిగిన ఆసియా రగ్బీ సెవెన్స్ ట్రోఫీలో మన అమ్మాయిలు ఫైనల్‌కి వెళ్లి, ఫిలిప్పీన్స్ చేతిలో 5-7తో ఓడి రజతం తెచ్చారు. రెండు జట్లూ ఒక్కో ట్రై చేశాయి, అంటే బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనించి ఐదు పాయింట్లు తెచ్చుకున్నాయి. ట్రై తర్వాత కొట్టే రెండు పాయింట్ల కిక్ వాళ్లకి పడింది, మనకి పడలేదు. అంతే తేడా. మన జిల్లాలో పీఈటీలకే చాలామందికి ఈ సంగతి తెలియదు. హైస్కూళ్లలో ఆడపిల్లలకు ఆటలు నేర్పి రిటైరైన దాన్ని కాబట్టి బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

సెవెన్స్ అంటే జట్టుకి ఏడుగురు. ఏడేసి నిమిషాల రెండు భాగాలు, మధ్యలో రెండు నిమిషాల విరామం. గ్రౌండ్ మాత్రం పదిహేను మంది ఆడే రగ్బీకి ఉన్నంతే. అంత స్థలంలో ఏడుగురే కాబట్టి పరుగు ఆపడానికి వీల్లేదు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. బంతి పట్టుకుని దూసుకొచ్చే మనిషిని నడుం దగ్గరో కాళ్ల దగ్గరో చేతులతో చుట్టి పడగొట్టాలి. కబడ్డీలో రైడర్‌ని పట్టే పిల్లకి ఆ పట్టు కొత్తగా నేర్పేదేముంది? శ్రీకాకుళం జిల్లాలో కబడ్డీ ఆడని హైస్కూలు ఉందా?

మనకు ఐదారు గంటల రైలు ప్రయాణం దూరంలో భువనేశ్వర్ ఉంది. అక్కడి కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదువుకున్న గిరిజన అమ్మాయిలు ఏళ్లుగా భారత జెర్సీ వేసుకుంటున్నారు. 2019లో మనీలాలో మన మహిళలు పదిహేను మంది ఆడే రగ్బీలో తొలి అంతర్జాతీయ విజయం సాధించారు. సింగపూర్‌పై 21-19. ఆ మ్యాచ్‌ని గెలిపించిన పెనాల్టీ కిక్ కొట్టిన సుమిత్రా నాయక్ ఒడిశా అమ్మాయే. మందస, మెళియాపుట్టి కొండల్లో ఉన్న మన సవర గిరిజన పిల్లలు ఆమెకు ఎందులో తీసిపోతారు? ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం దాటగానే దొరికే అవకాశం ఇచ్ఛాపురానికి ఇవతల ఎందుకు దొరకదు?

ఒడిశా సంగతి వేరంటారా, బీహార్‌ని చూడండి. అక్కడ రగ్బీకి పెద్ద చరిత్రేమీ లేదు. అయినా ఆ రాష్ట్రం నుంచి స్వీటీ కుమారి లాంటి వాళ్లు జాతీయ జట్టుకు వచ్చారు. 2025లో రాజ్‌గిర్‌లో ఆసియా అండర్-20 సెవెన్స్ పోటీలు పెట్టారు. మన అమ్మాయిలు అక్కడ కాంస్యం గెలిచారు.

మన జట్టు ఆసియాలో అగ్రస్థానంలో ఉందని నేను చెప్పను. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జపాన్, హాంకాంగ్ జట్లు మనల్ని పెద్ద తేడాతో ఓడించాయి. ఆ తేడా తగ్గాలంటే పిల్లలు పన్నెండు, పదమూడేళ్లకే బంతి పట్టాలి, ఎక్కువ జిల్లాల నుంచి రావాలి. పెద్ద జట్లకూ ఆదరణ పతకంతోనే వచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం కోసం ఆస్ట్రేలియాతో ఆడిన అమెరికా మహిళలు చివరి క్షణాల దాకా వెనకబడే ఉన్నారు. అలెక్స్ సెడ్రిక్ దాదాపు గ్రౌండంతా పరుగెత్తి ట్రై చేసింది. 14-12తో గెలిచారు. ఆ వెంటనే ఓ మహిళా వ్యాపారవేత్త ఆ జట్టుకి 40 లక్షల డాలర్లు ప్రకటించారు. ఆ పోటీల్లో ఒక రోజు మహిళల మ్యాచ్‌లు చూడడానికి 66 వేల మంది వచ్చారు.

తల్లిదండ్రుల భయం నాకు తెలుసు. దెబ్బలు తగులుతాయి, చేతులు విరుగుతాయి, రేపు పెళ్లి సంబంధం ఎలా అంటారు. కానీ ఈ ఆటలో భుజాల పైన పట్టుకుంటే ఫౌల్, పసుపు కార్డు చూపిస్తే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. చిన్న పిల్లలకు పడగొట్టడమే ఉండదు. నడుముకి కట్టిన బెల్టుకి వేలాడే రిబ్బన్ లాగితే చాలు, దాన్ని ట్యాగ్ రగ్బీ అంటారు. అక్కడ మొదలుపెట్టి, ఒళ్లు గట్టిపడ్డాక అసలు ఆటలోకి తీసుకెళ్లొచ్చు. బరువులెత్తిన ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి కాంస్యం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. విజయనగరం జిల్లా కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ ఇప్పుడు ఊరి గౌరవం.

నా అనుభవంలో అసలు అడ్డంకి బస్సు. మామూలు హైస్కూల్లో బడి వదిలాక ప్రాక్టీసు పెడితే ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలు సగంలోనే బ్యాగు తగిలించుకుని ఆటో కోసం పరుగెత్తాలి. చీకటి పడితే ఇంట్లో టెన్షన్. అందుకే ముందు కస్తూర్బా విద్యాలయాల్లో, గురుకులాల్లో మొదలుపెట్టమంటున్నాను. పిల్లలు అక్కడే ఉంటారు, పొద్దునా సాయంత్రం ఆడొచ్చు. ఆ తిండిలో గుడ్డు, పాలు ఇంకాస్త పెంచితే చాలా మేలు.

జిల్లా విద్యాశాఖ, క్రీడా ప్రాధికార సంస్థ కలిసి వేసవి సెలవుల్లో కొందరు మహిళా పీఈటీలను భువనేశ్వర్ పంపి శిక్షణ ఇప్పించాలి. బడికి నాలుగు బంతులు, రిబ్బన్ బెల్టులు, పెద్ద పిల్లలకు పళ్లకి పెట్టుకునే గార్డులు కొనాలి. ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను రాష్ట్రం 3 శాతానికి పెంచింది కాబట్టి, రగ్బీ ఆడితే ఆ కోటా వర్తిస్తుందో లేదో అధికారులు తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పాలి. ఆ ఒక్క మాటతో సగం ఇళ్లు ఒప్పుకుంటాయి.

మీకూ ఒక విన్నపం. మన మహిళల జట్టు ఆడే రోజు క్రికెట్ పక్కన కాస్త చోటిచ్చి స్కోరు, ట్రై చేసిన అమ్మాయి పేరు, ఆమె ఊరు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా