మీ అత్తయ్యగారి నీలం పంపు, ఆ పక్కనున్న సీసా

పద్దూ,

ముందు తిట్లన్నీ తిట్టేసెయ్, తర్వాత చదువు. జవాబు రాయడం ఆలస్యమైంది, ఏం చెప్పినా నువ్వు నమ్మవు కాబట్టి సాకులు చెప్పను. ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నాడి పరీక్షలు అయ్యాయి, ఆవకాయ ఇంకా పెట్టలేదు, మూడో బెంచీ మహారాణి బజార్లో కనిపించి నిన్ను అడిగింది. ఆ కథ విడిగా రాస్తాను, దానికి ఈ కాగితాలు చాలవు.

అసలు సంగతికి వస్తా. నువ్వు పంపిన వీడియో చూసి ఫోన్లో "ఆ కంటి చుక్కల సీసా ఇవాళే కంటి డాక్టరుకి చూపించు" అని అరిచి పెట్టేశాను కదా. "ఆయాసానికీ కంటికీ ఏంటే సంబంధం, నీకేమైనా పిచ్చా" అని మెసేజి కొట్టావు. ఉందే తల్లీ సంబంధం. అది ఫోన్లో తెమిలేది కాదు, అందుకే ఇంత రాస్తున్నా. నువ్వేమో మీ అత్తయ్యగారు ఆస్తమాకి నీలం పంపు (ఇన్‌హేలర్) ఎలా పీలుస్తున్నారో చూడమని ఆ వీడియో పంపావు. నా కళ్ళు మాత్రం వెనక టేబుల్ మీద, అరటిపళ్ళ పక్కనున్న బుల్లి సీసా మీద పడ్డాయి. ఆపి, పెద్దది చేసి చూశాను. టిమోలాల్.

కంట్లో వేసిన చుక్క కంట్లోనే ఉండిపోదు. కంటి మూలనున్న సన్నటి గొట్టంలోంచి ముక్కులోకి జారుతుంది. చుక్కలు వేసుకున్నాక గొంతులో చేదు తగులుతుందంటారే, అదే. ముక్కులోని పొర దాన్ని తిన్నగా రక్తంలోకి లాగేస్తుంది. మాత్రయితే కాలేయం దగ్గర కొంతైనా విరుగుతుంది, దీనికి ఆ అడ్డు కూడా లేదు. ఈ టిమోలాల్ బీటా బ్లాకర్ల జాతి మందు, అంటే బీటా గ్రాహకాలనే వాటిని మూసేసేది. నీటికాసుల్లో (గ్లాకోమాలో) కంటి ఒత్తిడి దించడానికి మంచిదే, కాదనను. కానీ ఊపిరి గొట్టాల చుట్టూ కండరాలుంటాయి, వాటి మీద బీటా-2 గ్రాహకాలుంటాయి, మందు వచ్చి అతుక్కునే చోట్లన్నమాట. వాటినీ మూసేస్తుంది. నీలం పంపులో ఉన్న సాల్బుటమాల్ పనిచేసేది సరిగ్గా ఆ గ్రాహకాల మీదే. అంటే ఆ చుక్క ఒక పక్క గొట్టాలు బిగుసుకునేలా చేస్తుంది, ఇంకో పక్క వాటిని వదులు చేసే మందుకి దారి కట్టేస్తుంది. "పంపు కొట్టినా అంతగా అందట్లేదు" అని ఆవిడ అంటున్నారని రాశావు చూడు! అన్నిటికీ ఇదొక్కటే కారణమని కాదు, కానీ ముందు తేల్చుకోవలసింది ఇదే.

చూడు, నీ చేత్తో నువ్వు ఆపేయకు. ఉన్నట్టుండి మానేస్తే కంటి ఒత్తిడి పెరుగుతుంది, దానివల్ల పోయిన చూపు మళ్ళీ రాదు. "ఆస్తమా ఉంది, పంపు వాడుతున్నారు" అని కంటి డాక్టరుకి నోరు విప్పి చెప్పు. లటానోప్రాస్ట్ లాంటి వేరే జాతి చుక్కలున్నాయి, ఏది నప్పుతుందో ఆయన చూస్తారు. రెండు మందులు కలిపిన చుక్కల్లోనూ టిమోలాల్ ఉంటుంది, కాబట్టి పెట్టె మీది పెద్దక్షరాల పేరు కాదు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాసింది చదవాలి. అన్నట్టు, నీ పార్శ్వపు నొప్పికి వాడే ప్రొప్రనొలాల్ కూడా అదే కుటుంబం. పంపు కొట్టాక ఆవిడకి గుండె దడదడ, చేతులు వణుకు అంటే నీ మాత్ర ఒకటి తీసి ఇచ్చేవు సుమా. నీ సంగతి నాకు తెలుసు, హాస్టల్లో అందరికీ అమృతాంజనం పంచిన చెయ్యి అది.

వణుకూ దడా నీలం పంపుకి మామూలే. రెండు పఫ్‌లకి, అంటే రెండు నొక్కులకి, కాస్త వచ్చి కాసేపట్లో తగ్గితే కంగారు పడక్కర్లేదు. ఎక్కువెక్కువ వాడితే రక్తంలో పొటాషియం కూడా పడిపోతుంది. ఆవిడ బీపీకి నీళ్ళ మాత్ర కూడా వేసుకుంటున్నారు కదా, అదీ పొటాషియం దించేదే. రెండూ కలిస్తే పిక్కలు పట్టేయడం, గుండె లయ తప్పడం జరగొచ్చు. ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్ళు, చీటీలు కాదు, డబ్బాలే.

ఇక పీల్చడం దగ్గరికొద్దాం. అత్తయ్యగారు పంపు ఊపలేదు. నోరు తెరిచి, పెదవులకి దూరంగా పట్టుకుని టపటపా రెండుసార్లు నొక్కారు, ఆ తర్వాత ఊపిరి లాగారు. వీడియో మెల్లగా పెట్టి చూడు, పై పెదవి మీదుగా తెల్లటి పొగ వెళ్ళిపోవడం కనిపిస్తుంది. ఆ పొగే మందు. దోమల మందు కొట్టినట్టు గదికి కొట్టారు!

ఊపడం ఎందుకంటే, ఆ డబ్బాలో మందు కరిగి ఉండదు, పొడిగా తేలుతూ ఉంటుంది. ఊపకపోతే ఒక పఫ్‌లో తక్కువ, ఇంకోదాంట్లో ఎక్కువ వస్తుంది. కూర్చుని గానీ నిలబడి గానీ వాడాలి, పడుకుని కాదు. మూత తీసి లోపలికి ఒకసారి తొంగి చూడాలి. మూత పోగొట్టి హ్యాండుబ్యాగులో పడేస్తే చిల్లర నాణెమో, చెవి దిద్దో ఇరుక్కుని, అది ఊపిరితో పాటు లోపలికి పోయిన కేసులున్నాయి. బాగా ఊపి, ఊపిరి మెల్లగా పూర్తిగా బయటికి వదిలి, గొట్టాన్ని పళ్ళ మధ్య పెట్టి పెదవులు మూయాలి. నాలుక కింద పడి ఉండాలి, అడ్డు రాకూడదు. ఊపిరి లాగడం మొదలెట్టిన క్షణంలోనే ఒక్కసారి నొక్కి, నాలుగైదు సెకన్ల పాటు నింపాదిగా లాగుతూ ఉండాలి. గబుక్కున లాగితే మందు మలుపు తిరగలేక గొంతు వెనక గోడకి కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. తర్వాత నోరు మూసి పది సెకన్లు బిగపట్టాలి, అన్ని కుదరకపోతే ఎంత కుదిరితే అంత. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం నుంచి నిమిషం ఆగి, మళ్ళీ ఊపి. వెంటవెంటనే నొక్కితే రెండోదాంట్లో మందు సరిగా నిండదు.

ఆవిడ వేళ్ళకి అంత బలం లేదు, నొక్కడం లాగడం ఒకేసారి కుదరదు అంటావు. నిజమే, చాలామందికి కుదరదు. అందుకే స్పేసర్ కొను, పంపుకీ నోటికీ మధ్య పెట్టే బోలు గొట్టం అది, చిన్నపిల్లలకే అనుకోకు. పంపుని దాని వెనక బిగించి ఒక్క పఫ్ నొక్కి, వెంటనే నెమ్మదిగా ఒక నిండు ఊపిరి లాగి పట్టి ఉంచాలి. అది కష్టమైతే నోరు తీయకుండా మామూలుగానే ఐదారు శ్వాసలు తీసుకోవచ్చు. రెండు పఫ్‌లు ఒకేసారి అందులోకి కొట్టి పీల్చడం దండగ, మందంతా గోడలకి అంటుకుంటుంది. మీ ఎదురింటావిడ నెబ్యులైజరు (మందుని తుంపరగా చేసి పీల్పించే మిషను) కొనమందని రాశావు. మామూలు ఆయాసానికి స్పేసరుతో పంపు దానికేమీ తీసిపోదు, పైగా కరెంటు అక్కర్లేదు, కడగడం మరిచి క్రిములు పెంచే గోలా తక్కువ.

"ఇంకొంచెం బలమైన పంపు ఏదైనా ఉందా" అన్నావు చూడు, అక్కడ నాకు కోపం వచ్చింది. నీ మీద కాదులే. 1960లలో ఇంగ్లండులో సరిగ్గా ఇదే జరిగింది. అప్పటి పంపుల్లో ఐసోప్రెనలిన్ ఉండేది, అందులో మామూలు దానికి ఐదు రెట్ల ఘాటుతో "ఫోర్టే" అని ఒకటి అమ్మారు. అది అమ్మిన చాలా దేశాల్లో ఆస్తమా చావులు ఒక్కసారిగా పెరిగాయి. గుండె మీద దాని దెబ్బ ఒకటి, ఉపశమనం ఉంది కదా అని ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్ళడం ఒకటి అని చర్చ. సాల్బుటమాల్ 1969లో వచ్చింది, గుండె జోలికి అంతగా పోకుండా గొట్టాల మీద పనిచేస్తుంది. అయినా పాఠం మారలేదు. నీలం పంపు బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుందంతే. ఐదు నిమిషాల్లో మొదలై నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. లోపలి వాపుని తాకనైనా తాకదు. వాపు తగ్గించేది ఆవిడ "దానివల్ల ఏమీ తెలియట్లేదు" అని మానేసిన బ్రౌన్ పంపు. తెలియదే మరి! స్టెరాయిడు రోజులూ వారాల మీద పనిచేస్తుంది, కొట్టగానే ఛాతీ తేలికవ్వదు. రోజూ వాడి, వాడాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది.

లెక్క చూడు. నెలకో నీలం డబ్బా అన్నావు. ఒక్కోదాంట్లో 200 పఫ్‌లు, అంటే రోజుకి ఆరేడు. ఏడాదికి మూడు డబ్బాలకి చేరితేనే పెద్ద ఆయాసం ముప్పు పెరుగుతుందని, పన్నెండుకి చేరితే ప్రాణానికే ముప్పు ఎక్కువని ఆస్తమా మార్గదర్శకాలు చెబుతాయి. ఆవిడ సరిగ్గా పన్నెండు దగ్గర ఉన్నారు. గినా అనే అంతర్జాతీయ ఆస్తమా సంస్థ మార్గదర్శకాలు 2019 నుంచీ పెద్దవాళ్ళకి నీలం పంపు ఒక్కటే ఇవ్వడం వద్దంటున్నాయి. గొట్టాలు వదులు చేసే ఫార్మోటెరాల్, వాపు తగ్గించే స్టెరాయిడు బుడెసొనైడ్ కలిసిన పంపు ఒకటే రోజువారీకీ, అవసరానికీ వాడే పద్ధతి ఉంది. అది ఆవిడకి తగునా అని డాక్టర్ని అడుగు. సాల్మెటెరాల్ ఉన్నవి మాత్రం ఆయాసం వచ్చినప్పుడు కొట్టకూడదు, నిదానంగా ఎక్కుతాయి. పంపు అలవాటైపోతుందని మాత్రలు అడుగుతున్నారట కదా మావయ్యగారు? 4 మి.గ్రా. మాత్ర అంటే 4000 మైక్రోగ్రాములు, రెండు పఫ్‌లంటే 200. ఇరవై రెట్ల మందు ఒళ్ళంతా తిరగాలి. ఆయనకి ఈ లెక్క చెప్పు, అర్థమవుతుంది.

ఇది మాత్రం వంటింటి తలుపుకి అంటించు. ఆయాసం గట్టిగా వస్తే నిటారుగా కూర్చోబెట్టి, స్పేసరులో ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు, ఒక్కోదానికి నాలుగు శ్వాసలు. నాలుగు నిమిషాలు ఆగండి. తగ్గకపోతే మళ్ళీ నాలుగు. అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా అలాగే ఇస్తూ ఉండండి. మాట మధ్యలో తెగిపోతున్నా, పెదవులు నీలంగా ఉన్నా, మగత వస్తున్నా, పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి ఆయాసం మాత్రం అలాగే ఉన్నా రెండో విడత దాకా ఆగొద్దు, ముందే ఫోన్ చెయ్యండి. కూత ఆగిందని సంతోషించేవు, గాలి ఆడడం లేదని దాని అర్థం.

మృగశిర కార్తెకి మీ ఆడపడుచు చేప ప్రసాదానికి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి తీసుకెళ్తానంటోందట. ఆ గొడవలో నేను దూరను. వెళ్తే ఆ జనంలో, ఆ వరుసలో నిలబడినంతసేపూ పంపూ స్పేసరూ ఆవిడ చేతి సంచిలోనే ఉండాలి, కారులో కాదు. కారు డ్యాష్‌బోర్డు మీద మన ఎండకి డబ్బా పేలనూ వచ్చు. బ్రౌన్ పంపు ఆ రోజూ మానకూడదు.

డబ్బా అయిపోయిందో లేదో నీళ్ళలో తేల్చి చూడకండి, మూత దగ్గర తడి చేరి పాడవుతుంది. 200 అయ్యాక కూడా పొగ వస్తూనే ఉంటుంది, అందులో మందు మాత్రం ఉంటుందన్న నమ్మకం లేదు. అంకెల మీటరు ఉన్నది కొను, లేకపోతే డబ్బా మీద మొదలెట్టిన తేదీ రాసి లెక్కపెట్టు. కొత్తదైనా, ఐదు రోజులకి పైగా వాడకపోయినా ముందు రెండు పఫ్‌లు గాల్లోకి వదలాలి. వారానికోసారి లోపలి డబ్బా తీసేసి, ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే గోరువెచ్చటి నీళ్ళ కింద పెట్టి కడిగి రాత్రంతా ఆరనివ్వాలి. లేకపోతే ఆ సన్నటి రంధ్రంలో మందు గడ్డకట్టి పొగ పక్కకి పోతుంది.

అదిగో, కింద ఆటో హారను మోగిస్తున్నాడు, ఇది పోస్టులో వేసే వెళ్ళాలి. స్పేసరుని సబ్బు నీళ్ళలో ముంచి తీసి గాలికే ఆరబెట్టు, గుడ్డతో తుడవకు. తుడిస్తే ప్లాస్టిక్‌లో కరెంటు పుట్టి మందుని గోడలకే లాగేసుకుంటుంది. కొత్తదైనా మొదటిసారి వాడే ముందు ఒకసారి అలాగే కడగాలి. కంటి డాక్టరు ఏమన్నారో ఇది అందిన సాయంత్రమే ఫోన్ చెయ్యి.

నీ
కాంతం