పిల్లల బరువు అందరి ముందట చదవొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

మా పాప పుట్టినప్పుడు రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములే ఉండె, అంగన్‌వాడీల తూకం వేసినన్ని రోజులు కార్డు మీద చుక్క ఆకుపచ్చలనే పడ్డది, ఏడేండ్లు దాటినంక మెల్లగ లావు అయితుంది. మొన్న బడిలో హెల్త్ చెకప్ అని లైన్ల నిలబెట్టి బరువు గట్టిగ చదివిన్రు, పిల్లలంతా నవ్విన్రట. ఇంటికొచ్చి బ్యాగు ఇసిరేసి ఆ పొద్దు అన్నం ముట్టలే. అందరు నన్నే అంటున్నరు, చిప్స్ ప్యాకెట్లు కొనిస్తున్నవని.

కానీ తిండి ఒక్కటే కాదండి, అమ్మనాయనల నుంచి వచ్చే జీన్స్ (జన్యువులు) గూడ ఉంటయి. ఎఫ్‌టీఓ అనే జీన్ సంగతి 2007ల బయటపడ్డది, యూరప్ వాళ్లల్ల చూస్తే అందుల ఒక రకం అమ్మనుంచి, నాయననుంచి రెండు దిక్కుల నుంచి వచ్చినోళ్లు సగటున 3 కిలోలు ఎక్కువున్నరు, అదిగూడ పుట్టుడుతోని కాదు, ఏడేండ్లప్పటి సంది కనబడ్డది. 2019ల ఇంకో స్టడీల శానా జీన్స్ కలిపి లెక్కేస్తే పుట్టినప్పుడు పిల్లల బరువుల పెద్ద తేడానే లేదు, 18 ఏండ్లు వచ్చేసరికి మాత్రం లావయ్యే రిస్క్ అందరికన్న ఎక్కువ ఉన్నోళ్లకు, తక్కువున్నోళ్లకు నడుమ 12 కిలోల తేడా వచ్చింది! మా అత్తమ్మ గూడ చిన్నప్పుడు పుల్లలెక్క ఉండెనట.

జీన్స్ ఉన్నయని తిండి, ఆటలు ఇడిసిపెట్టమంటలేను, నేను గూడ జొన్నరొట్టె అలవాటు చేస్తున్న. బడులల్ల తూకం వేరే రూములో వేసి, చీటి మీద రాసి తల్లిదండ్రుల చేతికియ్యమని అధికారులను అడుగుతున్న.

– ఒక తల్లి, దేవరకొండ, నల్లగొండ జిల్లా