ఆ వరుసలో గ్రిడ్ ఇంజినీరు ఏడీ?

సంపాదకుడు గారికి,

స్వచ్ఛ విద్యుత్ ప్రాజెక్టులు చేపట్టే కంపెనీల నాయకత్వ బృందం వివరాలు ఎక్కడ చూసినా ఒకటే తంతు: బ్యాంకింగ్‌లో 20 ఏళ్ల అనుభవం, కంపెనీల విలీనాల్లో 15 ఏళ్లు. అప్పు పుట్టనిదే ప్లాంటు లేవదు, ఒప్పుకుంటాను. కానీ సోలార్ ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తే, వాటి కరెంటును గ్రిడ్‌కు పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్లను 10-15 ఏళ్లకే మార్చాల్సి వస్తుంది. ఆ ఖర్చు ఎవరి నెత్తినని సంతకాల రోజే అడిగే మనిషి అక్కడ ఉండొద్దూ? కరెంటు మోసుకెళ్లే లైన్లో చోటు లేకపోతే మిట్టమధ్యాహ్నపు కరెంటు కూడా వృథాయేనని తెలిసిన గ్రిడ్ ఇంజినీరునూ, రైతుతో కూర్చుని భూమి కౌలు మాట్లాడగలవాణ్నీ వెనక వరుసకు నెడుతున్నారు. కొన్ని కంపెనీలు అనుమతులు చేతికి రాగానే ప్రాజెక్టును అమ్మేసి తప్పుకుంటాయి. వాటికి ఇన్వర్టరు గొడవ ఎందుకు లెండి!

ఇట్లు,
ఒక పాఠకుడు